నేటి ఎప్‌కాట్‌లో నాటి ‘లివింగ్ సీస్’ను చూడటం ఎలా?

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో, ఎప్‌కాట్ పార్కు లోపల, 1986 జనవరి 15న ‘ది లివింగ్ సీస్’ అనే పెవిలియన్, అంటే సముద్రం గురించిన ప్రదర్శనశాల, ప్రారంభమైంది. అది 2005 ఆగస్టులో మూతపడింది. అదే కట్టడంలో 2006 చివరలో కొత్త రైడ్ మొదలై, 2007 జనవరిలో ‘ది సీస్ విత్ నీమో అండ్ ఫ్రెండ్స్’ అనే పేరుతో అధికారికంగా ప్రారంభమైంది. పాత పెవిలియన్‌ను చూసినవారు ఇప్పుడు అక్కడికి వెళ్లి, ముంగిట్లోనే ‘ఫైండింగ్ నీమో’ సినిమాలోని చేపల బొమ్మలు కనబడేసరికి, తాము ఎరిగినది ఏదీ మిగలలేదని నిరాశపడి పక్క పెవిలియన్‌కు వెళ్లిపోతూ ఉంటారు. అంత నిరాశ అక్కరలేదు. కట్టడం అదే, నీళ్ల ట్యాంకు అదే, మనం నడిచే దారిలో ఎక్కువ భాగం అదే. మారినది ఆ నీళ్ల దగ్గరకు మనలను తీసుకుపోయే కథ. పాత కథను ముందుగా తెలుసుకుని, దాని వరుసలోనే నేటి పెవిలియన్‌ను చూస్తే ఎంతో కొంత కాదు, చాలానే దొరుకుతుంది. తొంభైలలో ఉద్యోగాల మీద అమెరికాకు వచ్చి పిల్లలతో ఓర్లాండో చూసిన తెలుగు కుటుంబాలు తక్కువేమీ కావు. ఆనాటి పిల్లలు ఈనాడు తమ పిల్లలను వెంటబెట్టుకుని వెళుతున్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసం.

ప్రయాణానికి ముందే చేయవలసిన పని పాత సందర్శన క్రమాన్ని గుర్తు చేసుకోవడం, చూడనివారైతే నేర్చుకోవడం. ఆనాడు సందర్శకుడు సరాసరి చేపల దగ్గరకు వెళ్లేవాడు కాడు. ముందు క్యూలో సముద్రాన్వేషణ చరిత్రను తెలిపే వస్తువులు, చిత్రాలు ఉండేవి. ఆ తరువాత ఒక చిన్న థియేటర్‌లో ‘ది సీస్’ అనే కొద్ది నిమిషాల చిత్రం వేసేవారు. భూమి చల్లబడటం, మేఘాలు కమ్మడం, యుగాల తరబడి వాన కురిసి సముద్రాలు ఏర్పడటం, ఆ సముద్రాల గురించి మనిషికి తెలిసినది ఎంత తక్కువో చెప్పడం అందులోని విషయం. చిత్రం ముగిశాక సముద్రగర్భంలో నిర్మించిన ‘సీ బేస్ ఆల్ఫా’ అనే పరిశోధన కేంద్రానికి స్వాగతం పలికి, ‘హైడ్రోలేటర్’ అనే లిఫ్టులలోకి పంపేవారు. లిఫ్టు దిగాక ‘సీ క్యాబ్’ అనే వాహనాలు. అవి ఆగకుండా మెల్లగా కదులుతూ, ట్యాంకు లోపలి సొరంగం గుండా తీసుకుపోయి సీ బేస్ దగ్గర దింపేవి. అక్కడి నుంచి ఎంతసేపు తిరిగితే అంతసేపు.

ఈ వరుసలో అందరి మనసులోనూ నిలిచిపోయినది హైడ్రోలేటర్. మీరు మీ పిల్లలకు ఏ ఒక్కటి వివరించినా దీనినే వివరించండి. తలుపులు మూసుకోగానే గది కొద్దిగా అదిరేది. కిటికీ అద్దాల వెనుక నీళ్లలో బుడగలు పైకి లేస్తూ ఉండగా, రాతి గోడలు కింది నుంచి పైకి జారిపోతున్నట్టు కనబడేవి. అర నిమిషం గడిచేసరికి ఎదుటి తలుపులు తెరుచుకునేవి. సముద్రపు అడుగుకు చేరామని లోపలివారందరూ నమ్మేవారు. నిజానికి గది దిగేది కాదు. నేల కాస్త కదిలేది, గోడల వెనుక రాళ్ల రంగు వేసిన పట్టా మాత్రం పైకి తిరిగేది. ఎక్కిన అంతస్తులోనే దిగేవారు. 1998 వరకు ఈ పెవిలియన్‌కు ఆర్థికంగా అండగా నిలిచిన సంస్థ యునైటెడ్ టెక్నాలజీస్. ప్రపంచమంతటా ఎత్తైన భవనాలకు లిఫ్టులు అమర్చే ఓటిస్ ఆ రోజుల్లో దాని చేతిలోని కంపెనీయే. అంత పెద్ద లిఫ్టుల కంపెనీ ఉన్న సంస్థ పేరుతో నడిచిన పెవిలియన్‌లో, దిగకుండానే దిగినట్టు నమ్మించిన ఆ గదులంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. బయటి ఎండలోంచి, పార్కు రద్దీలోంచి వచ్చిన మనిషిని అర నిమిషంలో నిశ్శబ్దానికి సిద్ధం చేసిన పని అది. చేపల కన్నా ముందు ఆ సిద్ధపరచడమే లివింగ్ సీస్‌కు ప్రాణమని నేను గట్టిగా నమ్ముతాను. నేటి సందర్శనలో మనం తిరిగి కల్పించుకోవలసినది కూడా దానినే.

ఇంట్లో పాత ఫొటోలు ఉంటే ప్రయాణానికి ముందే వాటిని బయటకు తీసి, ఏ కాలానివో నిర్ణయించుకోవడం మంచిది. వెనుక తేదీ రాసి లేకపోయినా ఫొటోలోనే ఆధారాలు దొరుకుతాయి. టికెట్టు మీద, మ్యాపు మీద, పిల్లల టోపీ మీద పార్కు పేరు ‘ఎప్‌కాట్ సెంటర్’ అని ఉంటే అది 1982 అక్టోబరు 1న పార్కు తెరిచిన నాటి నుంచి 1993 వరకు గల కాలానిది. 1994లో ఆ పేరును ‘ఎప్‌కాట్ 94’ అని, మరుసటి ఏడు ‘ఎప్‌కాట్ 95’ అని మార్చి, తరువాత ఉత్త ‘ఎప్‌కాట్’ చేశారు. కాబట్టి ఆ రెండు పేర్లలో ఏది కనబడినా సంవత్సరం దాదాపు తేలిపోయినట్టే. పెవిలియన్ బోర్డు మీద యునైటెడ్ టెక్నాలజీస్ పేరు ఉంటే ఫొటో 1998 దాటి ఉండదు. అదే సినిమాలోని తాబేలు ‘క్రష్’ పిల్లలతో మాట్లాడే ప్రదర్శన 2004 నవంబరులో మొదలైంది గనుక, పాత బోర్డుతో పాటు దాని ప్రకటన కూడా ఒకే ఫొటోలో ఉంటే అది లివింగ్ సీస్ చివరి నెలలనాటిది. సీ క్యాబ్‌లో కూర్చున్న ఫొటో దొరికితే దానిని జాగ్రత్తగా దాచండి. సంస్థ అండ తొలగిన తరువాత ఆ వాహనాలు ఆగిపోయి, సందర్శకులు హైడ్రోలేటర్ దిగి నేరుగా సీ బేస్‌లోకి నడిచి వెళ్లిన కాలం ఒకటి ఉంది, అందువల్ల అటువంటి ఫొటోలు అందరి దగ్గరా లేవు.

ఫొటోలతో పాటు ఆనాటి సందర్శకులు క్యామ్‌కార్డర్లతో తీసి ఇంటర్నెట్‌లో ఉంచిన వీడియోలను చూడండి. బొమ్మ మసకగా ఉన్నా ఫరవాలేదు, శబ్దం వినండి. హైడ్రోలేటర్ లోపలి మోత, సీ బేస్‌లో వెనుక నుంచి వినిపించిన ప్రకటనలు చెవిలో ఉంటే నేటి పెవిలియన్‌లో నడవడం వేరుగా ఉంటుంది. హోటల్ గదిలో బయలుదేరే ముందు రాత్రి పిల్లలకు ఒకసారి చూపిస్తే చాలు.

ఇక పార్కులో. పాత ‘ఫ్యూచర్ వరల్డ్’ విభాగాన్ని 2021లో మూడు ప్రాంతాలుగా విడదీశారు. ఈ పెవిలియన్ ఇప్పుడు ‘వరల్డ్ నేచర్’లో ఉంది. ముందుగా బయటే ఆగండి. ప్రవేశం దగ్గర కృత్రిమ శిలలు, వాటిని వచ్చి తాకే అలలు మొదటి నుంచీ ఉన్నవే. ఇప్పుడు వాటి మీద సినిమాలోని సీగల్ పక్షులు కూర్చుని అరుస్తూ ఉంటాయి. వాటిని దాటి చూపు నిలిపితే, 1986లో సందర్శకులు మొదట చూసిన దృశ్యం చాలావరకు అలాగే ఉన్నదని తెలుస్తుంది. పాత ఫొటో ఏదైనా ఈ శిలల ముందు తీసినదైతే, అదే చోట, అదే దూరం నుంచి కొత్తది తీసుకోండి. లోపల వెలుతురు తక్కువ కనుక, పాతదానికి సరిగా జోడు కుదిరే ఫొటో దొరికేది దాదాపు ఇక్కడే.

లోపలికి వెళ్లడానికి రెండు మార్గాలున్నాయి. రైడ్ క్యూలో వెళ్లవచ్చు, లేదా బయటకు వచ్చే వైపు ఉన్న దుకాణం గుండా నేరుగా సీ బేస్‌లోకి వెళ్లవచ్చు. ఆ రెండవ మార్గం సులువు, రెండోసారి వెళ్లినప్పుడు హాయిగా వాడుకోవచ్చు. మొదటిసారి మాత్రం క్యూలోనే వెళ్లండి. సముద్ర తీరం నుంచి మొదలై, మెల్లగా చీకటి పడుతూ, తలపైన పడవ అడుగుభాగం కనబడేదాకా తీసుకుపోయే ఆ క్యూ, హైడ్రోలేటర్ చేసిన పనిని తనకు చేతనైనంతలో తాను చేస్తుంది. నీటి పైనుంచి నీటి కిందకు మారామనే భావన దానిలో ఉంది. ఫోను జేబులో పెట్టి, పిల్లలతో తక్కువ మాట్లాడుతూ నడిస్తే అది పట్టుబడుతుంది.

రైడ్‌లో ఇప్పుడు ఆల్చిప్ప ఆకారపు వాహనాలు ఉన్నాయి. ఎక్కువ సేపు సినిమా కథ నడుస్తుంది. పిల్లలను దానిని చూడనివ్వండి, వారికి అది నచ్చుతుంది. మీరు ఎదురు చూడవలసినది చివరి భాగం. అక్కడ గోడ తొలగి అసలు ట్యాంకు కనబడుతుంది. నిజమైన చేపల మధ్య బొమ్మ చేపలు ఈదుతున్నట్టు వెలుగుతో చూపిస్తారు. వాటి వెనుకకు చూడండి. పాత సీ క్యాబ్‌లు తిరిగిన దారి ఇదే, సొరంగంలోంచి ఆనాడు కనబడిన నీళ్లు ఇవే. అంత దూరం ఏమీ చెప్పకుండా తీసుకువచ్చి, ఒక్కసారిగా సముద్రాన్ని ముందు పెట్టిన పాత పద్ధతి నాకు ఇప్పటికీ మేలుగా తోస్తుంది. అయినా ఆ ట్యాంకును మూయకుండా, కథలో కలుపుకుని కాపాడినందుకు కొత్త పెవిలియన్ పట్ల కృతజ్ఞత కూడా ఉంది.

ట్యాంకు కొలతలు పిల్లలకు ముందే చెప్పి ఉంచితే వారు దానిని చూసే తీరు మారుతుంది. అది 203 అడుగుల వ్యాసం, 27 అడుగుల లోతు గల గుండ్రటి తొట్టి. అందులో 57 లక్షల గ్యాలన్ల ఉప్పునీరు, అంటే సుమారు 2 కోట్ల 15 లక్షల లీటర్లు పడుతుంది. పార్కు ముఖద్వారం దగ్గర ఉన్న ‘స్పేస్‌షిప్ ఎర్త్’ గోళం వ్యాసం 165 అడుగులు. పొద్దున ఆ గోళం కింద నడిచినప్పుడు పిల్లలను తల ఎత్తి చూడమనండి. దానికన్నా వెడల్పైన నీటి తొట్టిని మధ్యాహ్నం చూడబోతున్నామని చెప్పండి. ఈ ఒక్క పోలిక వారికి అంకెలన్నిటికంటే బాగా పనిచేస్తుంది. లివింగ్ సీస్ మూతపడిన 2005లోనే అట్లాంటాలో జార్జియా అక్వేరియం ఇంతకంటే పెద్ద ట్యాంకుతో తెరుచుకుంది.

రైడ్ దిగిన చోటే సీ బేస్. ఇక్కడ తొందరపడకూడదు. చాలామంది కింది అంతస్తులోని సొరచేపల బొమ్మ దగ్గర ఫొటో తీసుకుని, తాబేలు ప్రదర్శన చూసి వెళ్లిపోతారు. మీరు పై అంతస్తుకు వెళ్లండి. అక్కడి నుంచి ట్యాంకు లోపలికి చొచ్చుకుపోయిన పరిశీలన మందిరం ఒకటి ఉంది. చుట్టూ నీళ్లు, కూర్చోవడానికి చోటు, తక్కువ వెలుతురు. సీ బేస్ ఆల్ఫా అనే ఊహ ఇంకా బతికి ఉన్నది ఈ గదిలోనే. కిటికీ దగ్గర ఒకే చోట నిలబడి కనీసం పదిహేను నిమిషాలు కదలకుండా చూడండి. మొదట చేపల గుంపులు మాత్రమే కనబడతాయి. కళ్లు అలవాటు పడ్డాక ఇసుక మీద పాకే రే చేప, రాతి పగుళ్లలో దాగినవి, దూరంగా నీలిమలోంచి నీడలా వచ్చి దగ్గర పడేసరికి తాబేలుగా మారే ఆకారం కనబడతాయి. డైవర్లు మేత వేసే వేళ తెలుసుకోవాలంటే అక్కడి సిబ్బందిని అడగండి. అదే అంతస్తులో సముద్రపు ఆవులు అని పిలిచే మానటీలు ఉన్నాయి. పాత రోజుల్లోనూ ఉండేవి. వాటి కదలికలో తొందర అనేది ఉండదు, పెద్దవారిని వెంట తీసుకువెళితే వారు అందరికంటే ఎక్కువ సేపు అక్కడే నిలబడతారు.

లేనివాటిని కూడా ఉన్న చోట గుర్తు చేసుకోవచ్చు. ఆనాడు ఇక్కడ ‘జిమ్ సూట్’ అనే లోతు నీటి కవచంలో చేతులు దూర్చి, ఆ లోహపు చేతులతో చిన్న పనులు చేసి చూడనిచ్చేవారు. ఎంత తేలిక పనైనా అందులో ఎంత కష్టమో వెంటనే తెలిసేది. పారదర్శకమైన ఒక నిలువు గొట్టంలో నీరు నింపి, డైవర్ ట్యాంకులోకి వెళ్లి రావడాన్ని అందరి ఎదుట చూపేవారు. సముద్రాన్ని చూడటమే కాక, అందులో పనిచేసే మనుషులను చూపడం ఆ పెవిలియన్ ఉద్దేశం. ఈనాడు మేత వేసే డైవరును, నీటి నాణ్యత గురించి అడిగితే ఓపికగా చెప్పే సిబ్బందిని చూపించి ఆ ఉద్దేశాన్ని పిల్లలకు అందించవచ్చు.

భోజనానికి పక్కనే ‘కోరల్ రీఫ్’ రెస్టారెంటు ఉంది, దాని ద్వారం వేరు. అదీ 1986 నాటిదే, దాని పెద్ద అద్దాలు ఇదే ట్యాంకులోకి తెరుచుకుంటాయి. 60 రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. అద్దం పక్క బల్ల కావాలని అడగవచ్చు గాని మాట ఇవ్వరు. శాకాహారులు ముందే మెనూ చూసుకోవాలి. స్కూబా ధ్రువపత్రం ఉన్నవారికి ట్యాంకులోనే దిగే ‘డైవ్‌క్వెస్ట్’ అనే కార్యక్రమం ఉంది. అది ఎప్పుడు నడుస్తున్నదో ప్రయాణానికి ముందే చూసుకోవడం అవసరం.

బయటకు వచ్చేటప్పుడు తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, మెట్లు గాని వాలు గాని ఎక్కకుండానే బయటి నేల మీదకు వస్తున్నారని పిల్లలకు చూపించండి. ఆనాడు బయటకు రావడానికి కూడా హైడ్రోలేటర్లే ఉండేవి, సముద్రం అడుగు నుంచి పైకి వచ్చామని అందరూ అనుకునేవారు. హైడ్రోలేటర్ ఎలా పనిచేసిందో మాటలతో అర్థం కాని పిల్లలకు ఈ తలుపు దగ్గర అర్థమవుతుంది.

ఆ రాత్రే, మరచిపోకముందే, పాత సందర్శన గురించి ఇంట్లో ఎవరికి ఏమి గుర్తున్నదో విడివిడిగా రాయించండి లేదా ఫోనులో రికార్డు చేయండి. ఒకరు చెప్పినది విన్న తరువాత మరొకరి జ్ఞాపకం దానికి తగ్గట్టు మారిపోతుంది కనుక అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి అడగకండి. ‘బాగుండేది’ వంటి మాటల దగ్గర ఆగక, లిఫ్టులో ఎవరి పక్కన నిలబడ్డారు, ఎవరు భయపడ్డారు, సీ క్యాబ్ ఎక్కారా లేక నడిచారా అని అడగండి. పాత ఫొటోలను స్కాన్ చేసి, మీరు నిర్ణయించిన సంవత్సరాన్ని, దానికి ఆధారమేమిటో ఫైలు పేరులోనే రాసి, కొత్త ఫొటోల పక్కన పెట్టి ఇంట్లో అందరికీ ఒక్కొక్క ప్రతి పంపండి.