మిరప, పత్తి చేలకు 2,4-డి తగిలితే ఏం చేయాలి?

ప్రకాశం జిల్లాలో దర్శి వైపు, సాగర్ కుడి కాలువ కింద వరి మళ్ళకు ఆనుకొనే మిరప, పత్తి చేలు ఉంటాయి కాబట్టి, వరిలో వెడల్పాకు కలుపు మీద కొట్టిన 2,4-డి అనే కలుపు మందు గాలివాటున ఇవతలి పైరు మీద పడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అనుమానం రాగానే పురుగు మందు కొనడానికి పరుగెత్తకుండా, ముందు లక్షణాలను నిదానంగా చూడాలి. తామర పురుగు ఆశిస్తే మిరప ఆకు పైకి, నల్లి ఆశిస్తే కిందికి ముడుచుకుంటుంది. 2,4-డి తగిలితే ముందుగా ఆకు కాడలు, లేత కొమ్మలు మెలికపడి వంగుతాయి; ఆ తరువాత వచ్చే చిగురాకులు సన్నగా సాగిపోతాయి. పత్తి ఆకులైతే బెండ ఆకుల్లా చీలుతాయి. వరి మడి వైపు సాళ్ళలో ఎక్కువగా ఉన్న నష్టం లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంటే, కారణం పురుగు కాదని దాదాపు తేలినట్లే.

మొక్క లోపల జరిగేది తెలిస్తేనే తరువాతి పనులు సరిగా చేయగలం. 2,4-డి, మొక్క పెరుగుదలను నడిపే సహజ ఆక్సిన్ హార్మోనులా పనిచేస్తుంది. 2005లో ఆక్సిన్ గ్రాహకంగా, అంటే ఆక్సిన్‌ను అందుకునే ప్రోటీనుగా గుర్తించిన టిఐఆర్1 ద్వారా, పెరుగుదలను అదుపు చేసే ప్రోటీన్లను విచ్ఛిన్నం చేయించి కణాలను క్రమం తప్పి సాగేలా చేస్తుంది. గోధుమ వంటి గడ్డిజాతి పంట దాని అణువులోని వలయాన్నే మార్చి, తిరిగి పనికిరాకుండా చేస్తుంది. చాలా వెడల్పాకు మొక్కలు మాత్రం దానిని చక్కెరతోనో అమైనో ఆమ్లాలతోనో జతచేసి ఉంచుతాయి. 1970ల్లో సోయా చిక్కుడు కణజాలంలో ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలతో ఏర్పడిన ఇలాంటి సంయోగాలు కనిపించడమే కాక, అమైనో ఆమ్ల సంయోగాలను విడిగా అందించినప్పుడు కూడా కణజాలం పెరిగింది. ఎంజైములు ఆ బంధాన్ని తెంచితే 2,4-డి మళ్ళీ విడుదలవుతుంది. అందువల్ల నాలుగు రోజులకు మొక్క తేరుకున్నట్లు కనిపించినా నమ్మకూడదని, తరువాతి చిగుళ్ళను కూడా వరుసగా గమనించాలని నా అభిప్రాయం.

బాగా మెలికపడిన కొనలను తుంచి, తేలికగా నీరు పెట్టాలి. పూత రాలుతోందని ప్లానోఫిక్స్ కొట్టడం ఈ సమయంలో తగదు. అందులోని ఎన్ఏఏ కూడా కృత్రిమ ఆక్సినే కాబట్టి, ఇప్పటికే ఆక్సిన్ మితిమీరిన మొక్కకు మరింత భారం కలుగుతుంది.

పక్కవారి తప్పు లేకుండా మన స్ప్రేయర్ నుంచే ఈ నష్టం రావడానికీ అవకాశముంది. కలుపు మందుకు వేరే స్ప్రేయర్ ఉంచుకోవడం అన్నిటికన్నా మేలు. అది కుదరకపోతే ట్యాంకును, గొట్టాన్ని, నాజిలును సబ్బు నీళ్ళతో కడిగి, వాషింగ్ సోడా నీళ్ళు రాత్రంతా నిల్వ ఉంచి, మంచినీళ్ళతో మూడుసార్లు కడగాలి. ఆ తరువాత ట్యాంకులో నింపిన శుభ్రమైన నీటిని కుండీలో పెంచిన దోస మొలకల మీద చల్లి, రెండు మూడు రోజులు చూడాలి. మొలకల్లో మెలిక కనిపిస్తే, మళ్ళీ కడిగి పరీక్షించేవరకు ఆ స్ప్రేయర్‌ను మిరప చేలోకి తేకూడదు.