బీపీ, షుగరు, నెలసరి: ఆరోగ్య యాప్‌లో నమోదు చేసిన వివరం ఎక్కడికి వెళ్తుందో చూసుకునే పద్ధతి

రోజూ ఉదయం, సాయంత్రం బీపీ చూసి రాసుకోమని డాక్టరు చెప్పినప్పుడు, కాగితాలు ఎక్కడో పెట్టి మరిచిపోతారని మా నాన్నగారి ఫోన్‌లో ఒక యాప్ వేశాను. మొదటి రీడింగు 148/92 నమోదు చేయబోతే అది ముందు ఫోన్ నంబరు అడిగింది, తర్వాత కాంటాక్టులు చూస్తానంది, ఆ పైన లొకేషన్ కావాలంది. రెండు అంకెలను తేదీ వేసి దాచిపెట్టే పనికి మా బంధువుల నంబర్లతో ఏం పనో నాకు అర్థం కాలేదు. దాన్ని అప్పుడే తీసేశాను. అప్పటి నుంచి ఏ ఆరోగ్య యాప్‌ను చూసినా ముందుగా వేసుకునే ప్రశ్న ఒక్కటే: నేను ఇచ్చిన అంకె ఈ క్షణంలో ఎక్కడ ఉంది? గోప్యతా విధానం పేరుతో ఎన్ని పేజీలు రాసి ఉన్నా, రక్షణ ఎంతుందో తేల్చేది ఈ ప్రశ్నకు దొరికే జవాబే.

ఆ అంకె మీ ఫోన్‌లోనే ఉండిపోవచ్చు, యాప్ తయారు చేసిన సంస్థ సర్వర్‌కు చేరవచ్చు, లేదా యాప్ లోపల అమర్చిన ప్రకటనల, విశ్లేషణల సాఫ్ట్‌వేర్ ద్వారా మీరు పేరు కూడా వినని మూడో సంస్థకు చేరవచ్చు. మూడోది ఊహ కాదు. నెలసరి లెక్కలు చూసే ఫ్లో యాప్ విషయంలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో మోపిన అభియోగం సరిగ్గా ఇదే. వాడేవారు గర్భం ఎన్నో వారమో ఎంచుకుంటే, ఆ పని జరిగినట్టు, విషయం తెలిసిపోయే పేరుతోనే, ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థల విశ్లేషణ విభాగాలకు సంకేతం వెళ్లిందని కమిషన్ పేర్కొంది. ఆరోగ్య వివరాలను గోప్యంగా ఉంచుతామని సంస్థ అంతకుముందే మాట ఇచ్చి ఉంది. తప్పు ఒప్పుకోకుండానే రాజీ కుదుర్చుకుంది. అక్కడ ఎవరూ సర్వర్ పగలగొట్టి దొంగతనం చేయలేదు. యాప్ కట్టిన తీరులోనే ఆ దారి ఉంది.

కాబట్టి యాప్ వేయకముందే ప్లే స్టోర్ పేజీలో రెండు చోట్ల చూడాలి. 'అబౌట్ దిస్ యాప్' తెరిచి కిందికి వెళ్తే యాప్ పర్మిషన్ల జాబితా ఉంటుంది. అందులో పూర్తి నెట్‌వర్క్ వాడకానికి సంబంధించిన వరుస, అంటే 'ఫుల్ నెట్‌వర్క్ యాక్సెస్', ఉందో లేదో వెతకండి. ఆ వరుస లేని యాప్ నేరుగా ఇంటర్నెట్‌లోకి వెళ్లలేదు. ఆండ్రాయిడే దాన్ని అడ్డుకుంటుంది. బీపీ, బరువు, మాత్రల వేళలు వంటివి రాసుకోవడానికి ఇలాంటి యాప్‌లు కొన్ని దొరుకుతాయి. చూడటానికి ముచ్చటగా ఉండకపోయినా నేను వాటినే ముందు ఎంచుకుంటాను. నెలసరికైతే డ్రిప్ అనే ఓపెన్ సోర్స్ యాప్, అంటే లోపలి కోడ్‌ను ఎవరైనా చూడగలిగే యాప్, ఉంది. అది వివరాలను ఫోన్‌లోనే ఉంచుతుంది.

రెండోది 'డేటా సేఫ్టీ' విభాగం. గూగుల్ దీన్ని 2022 జులై నుంచి తప్పనిసరి చేసింది. ఆపిల్ యాప్ స్టోర్‌లో ఇలాంటి చీటీలు 2020 డిసెంబరు నుంచి ఉన్నాయి. చదవడం మంచిదే కానీ, ఇది సంస్థ తన గురించి తాను రాసి ఇచ్చే వాంగ్మూలమని గుర్తుంచుకోవాలి. పైగా తమ తరఫున పనిచేసే సేవాసంస్థలకు పంపే సమాచారాన్ని 'పంచుకోవడం' కింద చూపనక్కర్లేదని గూగుల్ నియమాలే చెబుతున్నాయి. అందుకే 'ఇతరులతో ఏదీ పంచుకోము' అన్న వరుస ఒక్కటి చూసి నిశ్చింతగా ఉండలేము.

అదే విభాగంలో 'ప్రయాణంలో ఎన్‌క్రిప్ట్ అవుతుంది' అన్న మాట చాలామందికి ధైర్యం ఇస్తుంది. ఇది ఆర్టీసీ బస్సులో వేసిన సీలు పార్శిల్ వంటిది. దారిలో ఎవరూ విప్పలేరు, కానీ చేరిన చోట అందుకున్నవారు విప్పుకుంటారు. పంపినవారి పరికరంలోనే తాళం పడి, మళ్లీ వారి పరికరంలోనే తెరుచుకునే ఏర్పాటు వేరు. దాన్ని ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటారు. ఐఫోన్‌లో రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగేది), ఫోన్ పాస్‌కోడ్ రెండూ పెట్టుకున్నవారికి, ఐక్లౌడ్‌లోని హెల్త్ వివరాలకు ఈ రక్షణ ఉంటుంది. రెండంచెల లాగిన్ పెట్టుకోనివారు ముందు ఆ పని చూసుకోవాలి.

యాప్ వేశాక మొదటి పరీక్షకు అయిదు నిమిషాలు చాలు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, యాప్ తెరిచి, కల్పిత రీడింగు ఒకటి నమోదు చేసి, మూసి, మళ్లీ తెరవండి. లాగిన్ అడగకుండా ఆ రీడింగు చూపిస్తే అంకె ఫోన్‌లో ఉందని అర్థం. అయితే నెట్ రాగానే పంపించేసే యాప్‌లూ ఉంటాయి కనుక, వారం తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ ఎంత డేటా వాడిందో కూడా చూడాలి. రోజుకు రెండు అంకెలు రాసుకునే యాప్ పదుల ఎంబీలు ఖర్చు చేస్తుంటే అనుమానించాల్సిందే. ప్రకటనలు తెచ్చుకుంటోందో, ఇంకేదైనా చేస్తోందో అప్పుడు తేల్చుకోవచ్చు. ఇదే సమయంలో ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లోని గూగుల్ విభాగంలో ప్రకటనల గుర్తింపు సంఖ్యను తొలగించండి. వేర్వేరు యాప్‌లలో మీరు చేసే పనులన్నీ ఒకే మనిషివని కలిపి చూడటానికి ప్రకటనల సంస్థలు వాడే దారాల్లో అదొకటి.

వాచీ, గ్లూకోమీటర్, నడక యాప్ మూడూ వాడేవారు ఆండ్రాయిడ్‌లో వేర్వేరు ఆరోగ్య యాప్‌ల వివరాలను ఒకచోట చేర్చి వాటి మధ్య పంచే హెల్త్ కనెక్ట్ గురించి తెలుసుకోవాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి ఇది ఫోన్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. వివరాలు ఫోన్‌లోనే నిల్వ అవుతాయి. ఏ యాప్ అడుగులు చదవాలి, ఏది గుండె వేగం చదవాలి, ఏది రాయాలి అన్నది విడివిడిగా అనుమతించవచ్చు. చాలామంది 'అన్నీ అనుమతించు' నొక్కేస్తారు. నడక యాప్‌కు షుగరు రీడింగు ఎందుకు? ఒకసారి చదివిన వివరాన్ని యాప్ తన సర్వర్‌కు నకలు చేసుకుంటే హెల్త్ కనెక్ట్ దాన్ని వెనక్కి లాగలేదు, తర్వాత అనుమతి తీసేసినా సరే. ఐఫోన్‌లో ఈ ఏర్పాటు మరింత సూక్ష్మంగా ఆలోచించి చేశారు: ఏదైనా వివరం చదవడానికి మీరు ఒప్పుకోకపోతే, ఒప్పుకోలేదన్న సంగతి కూడా యాప్‌కు తెలియదు; అక్కడ ఏ వివరమూ లేనట్టే కనిపిస్తుంది. షుగరు రీడింగు ఇవ్వనన్నారని తెలిస్తే షుగరు ఉందని ఊహించవచ్చు కదా, అందుకని.

లొకేషన్ సంగతి విడిగా చెప్పుకోవాలి. పరుగు, సైకిల్ ప్రయాణాలను నమోదు చేసే స్ట్రావా యాప్ 2017 నవంబరులో విడుదల చేసిన ప్రపంచ పటంలో, వినియోగదారులు పరుగెత్తిన దారులు వెలుగు గీతలుగా కనిపించాయి. 2018 జనవరిలో చూసినవారు ఎడారుల మధ్య సైనిక స్థావరాల ఆకారాలను ఆ గీతల్లో గుర్తుపట్టారు. పేర్లు తీసేసినా దారి మిగిలిపోయింది. విశాఖ బీచ్ రోడ్డులో రోజూ తెల్లవారుజామున అయిదున్నరకు నడిచేవారి గీత మొదలయ్యేది, ముగిసేది వారి ఇంటి గుమ్మం దగ్గరే. ఇంట్లో లేని వేళ కూడా అందులో ఉంది. మొదలు, ముగింపు చోట్లను దాచే సౌకర్యం స్ట్రావాలో ఉంది, దాన్ని వాడండి. అడుగులు మాత్రమే కావాలంటే లొకేషన్ అనుమతి అసలు అక్కర్లేదు. శారీరక కదలికల అనుమతి చాలు.

ఇక ఇంటి లోపలి గోప్యత. మన ఇళ్లల్లో ఫోన్ పాస్‌వర్డ్ ఇంటిల్లిపాదికీ తెలిసే ఉంటుంది. నెలసరి తేదీ గుర్తుచేసే నోటిఫికేషనో, మానసిక ఆరోగ్య యాప్ సందేశమో లాక్ స్క్రీన్ మీద పడితే, ఎంత గట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్నా ఫలితం లేదు. ఆ యాప్‌కు లాక్ స్క్రీన్ నోటిఫికేషన్లు ఆపి, విడిగా పిన్ పెట్టండి. నాన్నగారి రీడింగులు నేను డాక్టరుగారికి మాత్రమే పంపుతాను. కుటుంబ వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెడితే సాయంత్రానికి నలుగురు నాలుగు కషాయాలు చెబుతారు.

ఆసుపత్రి కౌంటర్ల దగ్గర అడుగుతున్న ఆభా, కేంద్ర ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతాకు ఇచ్చే పద్నాలుగు అంకెల గుర్తింపు సంఖ్య. అది ఐచ్ఛికం. వైద్య పత్రాలు వాటిని తయారు చేసిన ఆసుపత్రి, ల్యాబుల దగ్గరే ఉంటాయి. మీరు సమ్మతిస్తేనే మరొకరికి చేరతాయి. సమ్మతి కోరుతూ వచ్చిన అభ్యర్థనను వెంటనే ఒప్పుకోకుండా ఎవరు అడుగుతున్నారు, ఎందుకు, ఏ తేదీల మధ్య పత్రాలు, అనుమతి ఎప్పటిదాకా అన్న నాలుగూ చదవండి. పంటి నొప్పికి వెళ్లినచోట పదేళ్ల పత్రాలు అడిగితే తేదీలు తగ్గించండి. ఇచ్చిన సమ్మతిని తర్వాత రద్దు చేసుకోవచ్చు కూడా.

చట్టం అండ ఎంత? భారతదేశంలో 2011 నాటి నిబంధనలు ఆరోగ్య వివరాలను సున్నితమైన సమాచారంగా విడిగా గుర్తించాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టంలో ఆ ప్రత్యేక తరగతి లేదు. నా దృష్టిలో అది లోటే. భద్రతా ఏర్పాట్లలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది, సమాచారం తొలగించమని అడిగే హక్కూ ఉంది. అయితే నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువు ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి వైద్య సమాచార గోప్యతా చట్టమైన హిప్పా తమ యాప్‌నూ కాపాడుతుందనుకుంటారు. అది ఆసుపత్రులకు, బీమా సంస్థలకు, వారి తరఫున పనిచేసేవారికి వర్తిస్తుంది. మనంతట మనం వేసుకున్న యాప్‌కు సాధారణంగా వర్తించదు.

యాప్ మానేయాలనుకున్నప్పుడు వరుస తప్పకూడదు. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే సర్వర్‌లోని వివరాలు అలాగే ఉంటాయి. ముందు మీ రీడింగులను ఫైలుగా దించుకోండి, తర్వాత వాచీ, గూగుల్, ఫేస్‌బుక్ ఖాతాలతో ఉన్న లంకెలు తెంచండి, ఆ తర్వాత యాప్ లోపలే ఖాతా తొలగింపు కోరండి. నిర్ధారణ మెయిలు వచ్చాక యాప్ తీయండి. పాత వాచీని తమ్ముడికో మేనల్లుడికో ఇచ్చే అలవాటు మనకు ఉంది కదా, ఇచ్చే ముందు దాన్ని మీ ఫోన్ నుంచి విడదీసి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, లేకపోతే అతని నిద్ర మీ ఖాతాలోనూ, మీ పాత గుండె వేగం అతని మణికట్టు మీదా ఉండిపోతాయి.