త్రీ ఫేజ్ పంపిణీ పెట్టెలను మూడు అంచెలుగా అమర్చుకోవడం

నిర్మాణ స్థలంలో తాత్కాలికంగా త్రీ ఫేజ్ కరెంటు పంచవలసి వచ్చినప్పుడు, ఒకే పెద్ద పెట్టె పెట్టి అన్ని యంత్రాలకూ అక్కడి నుంచే కేబుళ్లు లాగడం తేలికగా కనిపిస్తుంది. అయితే ఏ గ్రైండరులోనో ఇన్సులేషన్ దెబ్బతింటే పని మొత్తం ఆగిపోతుంది, లోపం ఎక్కడుందో వెతకడానికే పూట గడిచిపోతుంది. అందుకే మెయిన్ బాక్సు, దాని కింద సబ్ బాక్సులు, ఒక్కో యంత్రం పక్కన ఒక్కో స్విచ్ బాక్సు అని మూడు అంచెలు పెడతారు. అమర్చే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే, సరఫరా ఆపి, టెస్టరుతో నిర్ధారించుకున్న తరువాతే చేయాలి.

ఎక్కడ ఎంత కరెంటు కావాలన్న లెక్క మాత్రం కింది అంచె నుంచి మొదలుపెట్టాలి. 400 వోల్టుల మోటారుకు కిలోవాట్లను రెట్టింపు చేస్తే ఆంపియర్లు ఉజ్జాయింపుగా తెలుస్తాయి; 7.5 కిలోవాట్ల మోటారు దాదాపు 15 ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా స్టార్ట్ చేసినప్పుడు అది క్షణకాలం ఆరేడు రెట్లు లాగుతుంది కాబట్టి, అక్కడ తక్కువ పెరుగుదలకే వెంటనే తెగే బి రకం ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తెగే స్విచ్) పెడితే స్టార్ట్ చేసిన ప్రతిసారీ పడిపోతుంది; క్షణకాలపు ఉప్పెనను తట్టుకునే డి రకమే తగినది. మెయిన్ బాక్సుకు వచ్చేసరికి, ఏకకాలంలో నడిచే లోడునే లెక్కలోకి తీసుకోవాలి. 0.8 పవర్ ఫ్యాక్టరు (లాగిన కరెంటులో నిజంగా పనికి వచ్చే వాటా) వద్ద 60 కిలోవాట్లంటే సుమారు 108 ఆంపియర్లు, అంటే 125 ఆంపియర్ల ఎంసీసీబీ (పెద్ద కరెంట్లకు వాడే, ఎంసీబీ లాంటి బ్రేకరు), దానికి తగిన కేబుల్.

దీపాలు, డ్రిల్లుల వంటి సింగిల్ ఫేజ్ లోడును మూడు ఫేజులకూ సమంగా పంచాలి. పంపకం సరిగా లేనిచోట న్యూట్రల్ తెగిందంటే, తక్కువ లోడున్న ఫేజులో వోల్టేజి 230 దాటి 400 దిశగా పోతుంది, బల్బులు వరుసగా మాడిపోతాయి. న్యూట్రల్ బార్, ఎర్త్ బార్ వేరువేరుగా ఉండే ఏర్పాటులో వాటిని సబ్ బాక్సులో గాని స్విచ్ బాక్సులో గాని కలపరాదు.

అసలు చిక్కంతా లీకేజీ రక్షణ దగ్గరే వస్తుంది. ఎక్కడైనా 30 మిల్లీ ఆంపియర్లే భద్రం కదా అని మెయిన్ బాక్సులోనూ అదే ఆర్‌సీసీబీ (ఎర్త్‌కు కరెంటు లీకైతే తెగే స్విచ్) పెట్టిన చోట నేను కొంతకాలం పనిచేశాను. లీకేజీ దాని విలువలో సగం దాటితే చాలు, అది ఎప్పుడైనా ట్రిప్ కావచ్చు. పొడవాటి కేబుళ్లలో సహజంగా ఉండే లీకేజీలన్నీ మెయిన్ దగ్గర కలిసిపోవడంతో వాన పడిన ప్రతి ఉదయం మొత్తం స్థలం చీకటయ్యేది. స్విచ్ బాక్సులో వెంటనే తెగే 30 మిల్లీ ఆంపియర్లది ఉంచి, మెయిన్‌లో కొంత ఆలస్యంగా తెగే ఎస్ రకం 300 మిల్లీ ఆంపియర్లది పెట్టాక ఆ బెడద పోయింది. పై అంచె కింది అంచె కన్నా ఎక్కువ విలువకు, ఆలస్యంగా తెగాలి; ఒక్క విలువ పెంచితే చాలదు.

ఒక స్విచ్‌కు రెండు యంత్రాలు తగిలించకూడదు: కటింగ్ మెషీన్ కోసం స్విచ్ వేస్తే, బ్లేడు మారుస్తున్న పక్కవాడి చేతిలో మెషీన్ తిరుగుతుంది. స్విచ్ బాక్సు యంత్రానికి మూడు మీటర్ల లోపు, నడిపేవాడి కంటికి కనపడేలా ఉండాలి. కేబుళ్లు అడుగు భాగం నుంచి గ్లాండ్ల (కేబుల్‌ను బిగించి పట్టే బిరడాలు) ద్వారానే రావాలి. పెట్టె తలుపును కూడా మెత్తని అల్లిక తీగతో ఎర్త్‌కు కలపాలి; కీలు ఉందిగా అని వదిలేస్తే రంగు, తుప్పు ఆ కలయికను ఎప్పుడో తెంచేస్తాయి.

కరెంటు ఇచ్చేముందు 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) ఇన్సులేషన్ చూడాలి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే ఆపాలి. ఆన్ చేసేటప్పుడు మెయిన్, సబ్, స్విచ్ అనే వరుస. ఆపేటప్పుడు దానికి తిరగవరుస. మోటారు ఎదురు తిరిగితే ఏ రెండు ఫేజులనైనా మార్చితే సరిపోతుంది. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కినప్పుడు తెగితే దాని యంత్రాంగం పనిచేస్తోందని మాత్రమే అర్థం. ఎర్త్ తీగ యంత్రం దాకా తెగకుండా ఉందో లేదో మీటరుతో విడిగా కొలవాలి.