మోకాలికి మార్కులు వేసుకోండి
మోకాలి లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) దెబ్బతిన్నాక "ఎలా ఉంది?" అని డాక్టర్ అడిగితే చాలామంది "పర్లేదండీ" అనేస్తారు. దాంతో ఏమీ తేలదు. లైషోల్మ్ స్కోర్ అని 8 ప్రశ్నల పట్టిక ఉంది, మొత్తం 100 మార్కులు. నొప్పి లేకపోతే 25, మోకాలు పట్టు తప్పకపోతే కూడా 25. గొంతుక్కూర్చోవడానికి 5 మాత్రమే. అంటే నొప్పి తగ్గిందని సంబరపడితే చాలదు, గబుక్కున పక్కకు తిరిగినప్పుడు కాలు జారిపోతోందా అన్నదీ అంతే ముఖ్యం.

నెలకోసారి అవే ప్రశ్నలకు జవాబు రాసి తేదీ వేయండి. పాత కాగితం చూడకుండా నింపండి, లేకపోతే చెయ్యి కిందటిసారి మార్కే వేసేస్తుంది! వాపుకైతే టేపు చాలు: కాలు చాపి, చిప్ప మధ్యలో చుట్టుకొలత తీయండి. రెండో కాలికి కూడా.