మడత స్కూటర్ మొరాయిస్తే: డెల్టా ఇళ్లలో ఎదురయ్యే సమస్యలు, పరిష్కారాలు

కాలితో నేలను తన్నుతూ నడిపే మడత స్కూటర్‌కు ఇంజను లేదు, గొలుసు లేదు. రెండు చక్రాలు, వాటిలో నాలుగు బేరింగులు, ఒక మడత కీలు, హ్యాండిల్ తిరిగే మెడ, వెనక చక్రం మీద కాలి బ్రేకు, ఇంతే దాని సరంజామా. కనుక పాడయ్యే చోట్లు కూడా తక్కువే. అయితే కోనసీమలోనూ, నరసాపురం, అంతర్వేది వైపునా ఉండేవారికి ఉప్పుగాలి, తేమ, కొబ్బరి పీచు తెచ్చిపెట్టే చిక్కులే ఎక్కువ. కింది మరమ్మతుల్లో అధిక భాగానికి రెండు ఎలెన్ కీలు (బోల్టు తల గుంటలో దూర్చి తిప్పే ఆరు పలకల చువ్వలు), ఒక పానా, కొద్దిగా గ్రీజు చాలు.

ఎంత తన్నినా బండి సాగదు, నాలుగు అడుగులకే ఆగిపోతుంది

ముందుగా ఒక్కో చక్రాన్నీ నేల నుంచి పైకెత్తి వేలితో తిప్పి చూడాలి. బాగున్న చక్రం చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగి నెమ్మదిగా నిలుస్తుంది. చిక్కు ఉన్నది ఒకటి రెండు చుట్లకే ఆగిపోతుంది. అలా ఆగినప్పుడు వెంటనే బేరింగును తప్పుపట్టకుండా చక్రానికీ, దాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే ఫోర్కుకూ మధ్యనున్న సందును వెలుతురులో పరిశీలించాలి. మా ఇంట్లో బేరింగు పోయిందనుకుని కొత్తది తెప్పించాక, విప్పి చూస్తే ఇరుసుకు జానెడు కొబ్బరి పీచు బిగుసుకుని ఉంది. పీచు ఆరబోసే అంబాజీపేట చుట్టుపక్కల వీధుల్లోనూ, కోతల కాలంలో గడ్డి పరుచుకున్న రోడ్ల మీదా తిరిగే స్కూటర్‌కు ఇది మామూలే. ఆ పీచు తేమను పట్టి ఉంచడం వల్ల లోపలి బేరింగు తుప్పుపడుతుంది కాబట్టి, దాన్ని సూదితోనో పట్టకారుతోనో లాగివేయడం ఒక అలవాటుగా చేసుకోవాలి.

పీచు తీసినా తిరగకపోతే ఇరుసు విప్పాలి. చాలా స్కూటర్లలో రెండు వైపులా ఎలెన్ బోల్టులు ఉంటాయి. ఒకదాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని తిప్పాలి. చక్రంలో రెండు బేరింగుల మధ్య ఒక చిన్న గొట్టం ఉంటుంది. విప్పేటప్పుడు అది దొర్లిపోయి కనబడకుండా పోతే, బోల్టు బిగించినప్పుడల్లా బేరింగుల లోపలి వలయాలు పక్కకు నొక్కుకుని చక్రం పట్టేస్తుంది. కనుక ఏ భాగం ఏ వరుసలో వచ్చిందో ఫోటో తీసుకోవడం మంచిది. ఈ చక్రాల్లో సాధారణంగా వాడేది 608 రకం బేరింగు, అంటే లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22, మందం 7. స్కేటింగ్ చక్రాల్లోనూ ఇదే వాడతారు కాబట్టి దొరకడం కష్టం కాదు. తిప్పినప్పుడు ఇసుక గరగరలాడినట్లుంటే, రబ్బరు మూత ఉన్నదైతే దాన్ని గుండుసూదితో తీసి పక్కన పెట్టి, బేరింగును కిరోసిన్‌లో కడిగి, పూర్తిగా ఆరాక కొద్దిగా గ్రీజు పెట్టాలి. గరగర అప్పటికీ పోకపోతే ఆ చక్రంలోని రెండింటినీ కలిపి మార్చాలి.

చేతికందింది కదా అని కొబ్బరి నూనె పోయకూడదు. సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే అది గడ్డకడుతుంది, దుమ్మును పట్టుకుని జిడ్డుముద్దగా మారుతుంది. కుట్టుమిషన్ నూనెతో చక్రం చురుగ్గా తిరుగుతుంది గాని అది త్వరగా కారిపోతుంది. మన తేమకు గ్రీజే నయం.

హ్యాండిల్ ఊగుతుంది, గతుకుల్లో టకటకలాడుతుంది

ముందు చక్రాన్ని గోడకు ఆనించి, హ్యాండిల్‌ను ముందుకూ వెనక్కూ కదుపుతూ, మరో చేతి వేళ్లను ఒకసారి మడత కీలు మీద, ఒకసారి మెడ మీద ఉంచితే వదులు ఎక్కడుందో స్పర్శకే తెలుస్తుంది. కీలు వదులైతే దాని ఇరుసు బోల్టును ఊగులాట పోయేంత వరకే, మడత మాత్రం చేతితో సులువుగా పడేంత వరకే బిగించాలి. నట్టు లోపలి నైలాన్ వలయం అరిగి ఉంటే ఎంత బిగించినా మళ్లీ వదులవుతుంది కాబట్టి నట్టునే మార్చాలి. మెడలో రెండు పలుచని నట్లు ఒకదానిపై ఒకటి ఉన్న రకమైతే, పైదాన్ని వదులు చేసి, కిందిదాన్ని సరిచేసి, తిరిగి పైదాన్ని బిగించాలి.

మడత గొళ్లెం గాడిలో ఇసుక చేరితే అది పడినట్టే కనబడి సగమే పడుతుంది. అటువంటి స్కూటర్ నడుస్తుండగానే మడుచుకుపోగలదు కనుక, ఎక్కేముందు హ్యాండిల్‌ను ఒకసారి గట్టిగా వెనక్కి లాగి చూడమని పిల్లలకు తప్పక నేర్పాలి.

బోల్టు కదలదు, చుట్టూ తెల్లటి పొడి కనబడుతుంది

ఉక్కు బోల్టు అల్యూమినియంలో కూర్చున్న చోట ఉప్పుతేమ తగిలితే అల్యూమినియం తినేసుకుపోయి ఆ పొడి ఏర్పడుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయాలి. కీ దూర్చే గుంటను శుభ్రం చేసి, కీ పూర్తిగా దిగాకే తిప్పాలి, లేకపోతే గుంట అంచులు అరిగిపోయి ఆ తరువాత ఏ పనిముట్టూ పట్టదు. తిరిగి బిగించేటప్పుడు హ్యాండిల్ బోల్టుల మరలకు గ్రీజు రాయవచ్చు. ప్రకంపనలకు వదులయ్యే చక్రాల బోల్టులకు మాత్రం మరలకు పూసే నీలిరంగు జిగురు ఒక్క చుక్క వేయాలి. అదే రకంలో ఎర్రది వేస్తే మళ్లీ విప్పడం గగనమవుతుంది.

బ్రేకు పట్టదు, లేదా కీచుమంటుంది

తడిసిన చక్రం మీద కాలి బ్రేకు జారుతుంది. అది లోపం కాదు, వానలో నడపకపోవడమే దానికి మందు. డెల్టాలో పల్లమంటే వంతెన దిగుడో కాలువ గట్టు దిగుడో; అక్కడ పిల్లలు బ్రేకును నొక్కి పట్టి ఉంచితే వేడికి చక్రం ఒకచోట చదునవుతుంది. వదిలి వదిలి నొక్కాలి. రెండు చక్రాలూ ఒకే పరిమాణంలో ఉంటే వెనకదాన్ని ముందుకు మార్చుకోవచ్చు.

చక్రం జిగురు పడుతుంది, పెళ్లలుగా రాలుతుంది

చక్రాలకు వాడే పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్‌లో కొన్ని రకాలది తేమకు లోలోపలే విడిపోతుంది, వాడకుండా మూల పడేసినా సరే. దీనికి మరమ్మతు లేదు. పక్కన అచ్చువేసిన 100, 125, 145, 180, 200 వంటి మిల్లీమీటర్ల అంకె చూసి అదే కొలత కొత్తది వేయాలి.

పాదం పెట్టే పలక వంగింది, లేదా చీలిక కనబడింది

పిల్లల స్కూటర్లలో చాలా వాటి బరువు పరిమితి 50 కిలోలు, పెద్దలవాటికి సాధారణంగా 100. పిల్లవాడి బండి మీద తండ్రి సరదాగా ఒక చుట్టు తిరిగి రావడమే చాలా వంపులకు మూలం. చీలికను వెల్డింగ్ చేయించకూడదు. ఆ వేడికి అల్యూమినియం చుట్టుపక్కల మెత్తబడి, మళ్లీ అక్కడికక్కడే విరుగుతుంది. చట్రాన్ని పాత ఇనుముకు వేసి, చక్రాలు, బేరింగులు, బోల్టులు విప్పి ఒక డబ్బాలో దాచుకుంటే మరో స్కూటర్‌కు పనికొస్తాయి.