ఊరి పక్కనే టెంట్ వేస్తున్నారా? ముందు చోటు చూసుకోండి

కార్తీక మాసం రాగానే మా శ్రీకాకుళం, విజయనగరం వైపు వనభోజనాల సందడి మొదలవుతుంది. ఈమధ్య కుర్రాళ్లు భోజనాలతో ఆగడం లేదు. శనివారం సాయంత్రం టెంట్ పట్టుకెళ్లి, రాత్రి అక్కడే పడుకొని ఆదివారం ఇంటికొస్తున్నారు. నాకూ ఇష్టమైన సరదానే. నా భయమల్లా "ఇంటికి అరగంటే కదా" అన్న ధైర్యం గురించి. దూరం వెళ్లేటప్పుడు పదిమందిని అడిగేవాళ్లే, దగ్గరకైతే టార్చిలైటు కూడా మర్చిపోతారు.

ముందు ఏటి సంగతి. టెంట్ అనగానే అందరి కళ్లూ ఇసుక తిన్నె మీదే పడతాయి. కానీ నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి మన దగ్గరకొస్తాయి. అక్కడ గట్టి వాన పడితే, ఇక్కడ ఆకాశంలో చుక్కలు కనిపిస్తుండగానే నీరు పెరుగుతుంది. ఓసారి వంశధారలో నీటి అంచున పుల్ల గుచ్చి, వంట చేసుకుని తిని వచ్చేసరికి దాని కొస మాత్రమే పైకి కనిపించింది. చప్పుడేమీ లేదు. అప్పటికప్పుడు సామానంతా గట్టు మీదకు మోసుకున్నాం. అందుకే ఏటి ఇసుకలో వద్దు, ఎండిన గెడ్డలోనూ, అంటే వాగులోనూ వద్దు. వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ నుంచి నీళ్లు వదులుతున్నారేమో కనుక్కోండి. పైగా ఇవి తుపాన్ల నెలలు. ఉద్దానం కొబ్బరితోటల్ని నేలకూల్చిన తిత్లీ 2018 అక్టోబరులోనే వచ్చింది. వాయుగుండం అన్న మాట వినబడితే ప్రయాణం మానుకోండి.

ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడి చేసి మనిషి ప్రాణం తీసింది. వాటికి పండు వాసన చాలు. అరటిపళ్లు, మిగిలిన కూర టెంట్‌లో పెట్టుకోకండి. సీతంపేట, పార్వతీపురం వైపైతే ఏనుగులు ఎక్కడున్నాయో ఊళ్లో అడగందే అడుగు వేయకండి. కొబ్బరిచెట్టు కింద టెంట్ వేయకూడదని వేరే చెప్పాలా!

పాముల విషయంలో మాత్రం బతిమాలి చెబుతున్నాను. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది. కాటు నొప్పి పెద్దగా తెలియదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచి, కనురెప్పలు వాలిపోతుంటే అజీర్తి అనుకోవద్దు. కట్టు బిగించడం, కోయడం, పసరు మందంటూ తిరగడం వద్దు. మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయండి. విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రి ఏదో బయలుదేరే ముందే కనుక్కోండి. జిప్పు ఎప్పుడూ వేసే ఉంచాలి. తుప్పలకు, రాళ్లకుప్పలకు దూరంగా ఉండాలి. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోవాలి, తేలు ఉండొచ్చు.

బారువ, కళింగపట్నం లాంటి తీరాల్లో చీకటిపడ్డాక సముద్రంలో దిగొద్దు. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, లైట్లు తగ్గించండి పాపం.

చలేస్తోందని నిప్పుల కుంపటి టెంట్‌లో పెట్టుకుంటే అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంకో దుప్పటి తీసుకెళ్లండి. ఎక్కడ పడుకుంటున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి. వచ్చేటప్పుడు పొయ్యి మీద నీళ్లు పోసి, బూడిద కలియబెట్టి, మళ్లీ పోయండి. పైన చెయ్యి పెడితే వేడి తగలకూడదు. అప్పుడే బండి తీయండి.