ఇంట్లో వెన్న తీద్దాం – 4వ పాఠం: కవ్వం చించే పొర

పోయిన పాఠంలో వారం రోజుల మీగడకు తోడు వేసి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాం. ఈరోజు చిలుకుదాం. గిన్నె చేతికి బాగా చల్లగా తగులుతున్నప్పుడే మొదలుపెట్టండి. 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటే వెన్న చక్కగా పడుతుంది. వేసవిలో రెండు ఐసు ముక్కలు వేయక తప్పదు. వేడెక్కితే కొవ్వు కరిగి వెన్న జారుడుగా తయారవుతుంది. మరీ గట్టిగా ఉంటే పలుకులు ఒకదానికొకటి అంటుకోవు.

కవ్వం తిప్పుతూ చప్పుడు వినండి. మొదట నురగ పొంగుతుంది. తర్వాత మీగడ బిగిసి కవ్వం బరువెక్కుతుంది. చేయి నొప్పెట్టి చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆపకండి. ఉన్నట్టుండి కవ్వం తేలికై, చళ్ చళ్ మని నీళ్ల చప్పుడు వస్తుంది. ఎత్తి చూస్తే కవ్వానికి రవ్వంత పలుకులు అంటుకుని ఉంటాయి. వెన్న తేలింది.

ఇంతసేపూ లోపల జరిగింది ఇదీ. పాలలో కొవ్వు సన్నని బొట్లుగా ఉంటుంది. ఒక్కో బొట్టు సగటున 4 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో 250వ వంతు. ప్రతి బొట్టు చుట్టూ ఒక పలుచని పొర. పాలు తయారయ్యే కణం తన సొంత పొరలోంచి కొంత తీసి బొట్టుకు కప్పి పంపుతుంది. ఆ పొర ఉన్నంతకాలం బొట్లు కలిసి ముద్ద కావు. కవ్వం దాన్ని చించుతుంది. లోపలి కొవ్వు ముద్దకడుతుంది, పొర ముక్కల్లో ఎక్కువ భాగం మజ్జిగలోకి పోతుంది.

ఆ పొరలో లాక్టాడెరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. మన శరీరంలో చనిపోయిన కణాలకు అంటుకుని, వాటిని మింగి శుభ్రం చేసే కణాలకు అప్పగించే పని కూడా దీనిదే. 1998లో లాన్సెట్ పత్రికలో మెక్సికో పసిపిల్లల మీద ఒక పరిశోధన వచ్చింది. రోటావైరస్ సోకినా విరేచనాలు పట్టుకోని పిల్లలు తాగిన తల్లిపాలలో లాక్టాడెరిన్ ఎక్కువగా కనిపించింది.

అలాగని పసిబిడ్డకు మజ్జిగ పట్టకండి. అది తల్లిపాలలోని ప్రోటీన్ సంగతి. మనం కాచి, తోడేసి, చిలికిన గేదె పాల మజ్జిగ అదే పని చేస్తుందని చెప్పలేం. ఆరు నెలల దాకా తల్లిపాలే. రోటావైరస్ చుక్కలు వేళకు వేయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచే ప్రభుత్వం వాటిని ఉచితంగా వేస్తోంది.

పెద్దవాళ్లం మాత్రం వెన్న తీసిన మజ్జిగను సింకులో పారబోయడం మానేద్దాం. కొవ్వు చాలావరకు పోయినా ప్రోటీన్లు, ఆ పొర ముక్కలు అందులోనే ఉంటాయి. చపాతీ పిండి కలపండి, పులుసు పెట్టండి, ఉప్పేసి తాగండి.

ఈ వారం అభ్యాసం: ఒక గ్లాసులో వెన్న తీసిన మజ్జిగ, ఇంకో గ్లాసులో పెరుగులో నీళ్లు పోసి గిలక్కొట్టిన మజ్జిగ పోసి అరగంట కదపకుండా ఉంచండి. రెండింటి పైనా వేలు పెట్టి, ఏది జిడ్డుగా తగిలిందో రాసుకోండి. వచ్చే పాఠంలో వెన్న కడగడం అక్కడి నుంచే మొదలవుతుంది.